గోళీ కుడికి పోయిన రోజు

మీ తాత సంగతా? సాయంత్రం నాలుగుంబావుకి ఫ్లయింగ్ క్లబ్ షెడ్డు ముందు కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నానమ్మాయ్. ఆయన గాల్లో ఉన్నాడు, దిగాక విమానం నాది. ఇంట్లో బావ, అక్కడ మాత్రం సార్ అనాలి. ఓసారి నోరుజారి బావా అన్నానని వారం నేలమీదే కూర్చోబెట్టాడు, ఏం మనిషో! ఎవరికైనా ఆయన మొదట నేర్పేది గోళీ. పైలట్ ముందు చిన్న గాజుగొట్టం ఉంటుంది, మధ్యలో కిందికి వంగి, లోపల నూనె, నల్లగోళీ. మలుపులో అది మధ్యనే ఉందా, సరే. లోపలివైపు జారిందా, రెక్క వంచినంతగా తిరగట్లేదన్నమాట, అది స్లిప్. బయటివైపు పోయిందా, తోక బయటికి జారిపోతోంది, అది స్కిడ్. బస్సు గిర్రున తిరిగితే పక్కవాడి ఒళ్ళో పడమూ? అలాగ. నవ్వకు, రేపు నువ్వూ ఎక్కుతానంటున్నావుగా. తోకని సర్దేది కాళ్ళకింద పెడళ్ళే. "గోళీ ఎటు పోతే ఆ కాలు తొక్కరా గాడిదా! స్లిప్పయితే తిట్టి ఊరుకుంటా. నేల దగ్గర స్కిడ్ చేశావా, తిట్టించుకోడానికి నువ్వుండవు" అనేవాడు. నిద్రలోనూ అదే పాటని మా అక్క, అదే మీ నాయనమ్మ, ఒకటే నవ్వు. ఆఁ, ఎక్కడున్నాను? తలెత్తి చూశాను. దిగడానికి ఎడమకి తిరుగుతున్నాడు. ఎత్తు చాల్లేదేమో, ఇంజను గట్టిగా అరిచింది. ఆ జోరుకి ముక్కు లోపలికి పోయింది, తోక బయటికి. స్కిడ్! ఆయనే చెయ్యడమా! గోళీ కుడికి కొట్టుకుని ఉంటుంది, కుడికాలు తొక్కితే సరి, నిన్న చేరినవాడికీ తెలుసు. "తొక్కు బావా!" అని కేకేశాను. ఎడమ రెక్క దబ్బున వాలి, విమానం తలకిందులై నేలకి కొట్టుకుంది. అంతే. నేను పరిగెత్తి వెళ్ళేసరికే పోయాడు. ఇక ఊళ్ళో నోళ్ళు మూతపడితేగా, "నేర్పినవాడికే రాలేదా?" అని. అక్క తల దించలేదు. "ఆయన తప్పు చెయ్యరు, విమానంలోనే లోపం" అంటూ క్లబ్ మెకానిక్ ఇంటి గుమ్మంలో నిలబడి శాపనార్థాలు పెట్టింది. అతను చేతులు జోడించి, "పొద్దున పెడళ్ళు రెండూ చూశానమ్మా, పిల్లలమీద ఒట్టు" అన్నాడు. ఎవడు విన్నాడు? పనిలోంచి తీసేశారు. వారం పోయాక మా ఇంటి డాక్టరు పలకరింపుకొచ్చాడు. కాసేపు కళ్ళద్దాలు తుడుచుకుని, "కుడిపాదంలో సూది గుచ్చినా తెలియట్లేదు, ఇక ఎగరొద్దని ముందే చెప్పాను" అన్నాడు. "ఎవరికి చెప్పారండీ?" అన్నాను. "ఆయనకే" అని, అక్కవైపు తిరిగి, "మీరూ పక్కనే కూర్చున్నారు కదమ్మా" అన్నాడు.