పాదాలున్న అక్షరాలు

ఏందీ హిమజా, కంప్యూటర్ల గీ లావక్షరం చూసి మీ తాత సంగతి అడుగుతున్నవా? నువ్వు పుట్టకముందే పాయె గద ఆయన. కూసో, చెప్తా.

ఆఁ, గిదే. కింద చూడు, ఒక్కొక్క అక్షరానికి పాదాలున్నయి. నిలువు గీత లావు, అడ్డం గీత సన్నం. మనిషి కాళ్లు ఆనిచ్చి నిలవడ్డట్టుంటది. కార్ఖానా బస్తీల మా ప్రెస్సుల గివే, సీసంవి. నేను మిషన్ తొక్కేటోన్ని, మీ తాత పురుషోత్తమన్న అక్షరాలు కూర్చేటోడు. కంటోన్మెంటు గద, ఇంగ్లీషు పనే ఎక్కువుండె. సైనిక్‌పురి నుంచి రిటైర్డు సాబులు పెండ్లి కార్డులకు వచ్చి, "నామ్ మోటా రఖో భై", పేరు లావుల పెట్టుమని అంటుండిరి. మీ తాత ఒప్పుకోకపోతుండె. "దుకాణం బోర్డుకు పెడతం సాబ్, నోటీసుకు పెడతం. మనిషి పేరైతే పోయినోళ్లకే" అంటుండె. జిద్దు మనిషి. నేనడిగితే ఏమన్నడో ఎర్కేనా? "దినాల కార్డు చేతులవడంగనే, అద్దాలు లేనోళ్లకు సుత ఎవరు పోయిన్రో తెల్వాలెరా పర్వతాలూ. గిసువంటి మాట పక్కోన్ని అడిగి తెలుసుకోవద్దు." గట్లుండె ఆయన లెక్క. కార్డంత సన్నక్షరాల కూర్చి, పేరు జాగల అచ్చు పడని ఉత్త సీసం ముక్కలు పెడుతుండె. లావక్షరాల డబ్బా ఆఖరుకు తీస్తుండె.

గప్పుడే మీ నాయనమ్మ అనసూయమ్మ పోయింది. కామెర్లు ముదిరినయి పాపం. ఆమె తమ్ముళ్లు మిలట్రీల ఏడేడనో ఉండిరి, లీవు కోసం ఆడి సాబులకు చూపియ్యాలె, అందుకే కార్డు ఇంగ్లీషుల. ఆ పొద్దు పోస్టుల వెయ్యకుంటే దినాలకు అందుకోరు. "నేను కూరుస్తనన్నా, ఇంటికి పో" అన్న. వింటేనా! అంత కూర్చిండు. పేరు కాడికి వచ్చి, డబ్బా ముందల గట్లనే నిలవడ్డడు. చెయ్యి లేస్తలేదు. చూసి చూసి, నేనే ఆమె పేరు లావుల కూర్చి ముందల పెట్టిన. చూసిండు. ఒక్కొక్క అక్షరం తీసి, ఏ గూట్లది ఆ గూట్ల ఏసిండు. "గిండ్ల పెడితే పోయినట్టే గదరా. ఎందర్నో పంపిన. దీన్ని నేను పంపను" అన్నడు. కండ్లల్ల సుక్క నీళ్లు లెవ్వు.

ఇగ ఏం చేస్తం? గట్లనే అచ్చేసిన. పేరు కాడ తెల్ల కాయితం. కింద సన్నగ ఆయన పేరు, ఇంటి అడ్రసు, తారీఖు. ఎవరికి ఏం సమజైతదో, తమ్ముళ్లు వస్తరో రారో అని నాకు ఒకటే పరేషాన్.

వచ్చిన్రు బిడ్డా. అందరికందరు వచ్చిన్రు. పెద్ద తమ్ముడు జీవరాజు పెట్టె సుత కింద పెట్టలే, మీ తాతను గుండెకు పట్టుకున్నడు. "కవర్ తెరవంగనే తెల్సింది బావా. ఇంకెవరి పేరైతే నువ్వు పెట్టకుండ ఉంటవు?" అన్నడు. గంతే. అన్ని రోజులు బండ లెక్క ఉన్న మీ తాత, ఆయన భుజం మీద పడి చిన్నపోరగాని లెక్క...

పోనీ తియ్యి. నీ ఆఫీసు ఏ.ఎస్. రావు నగర్లనేనా? బస్సు దొరుకుతదా?