తెల్లవారి నీళ్ళు

అమెరికాలోని ఓక్లహోమాలో ఆ మధ్యాహ్నం, ఒక ఆదివాసీ ఇంటి బయట రాత్రి ప్రార్థన కోసం గుడారం వేస్తున్నారు. ముసలావిడ ప్రార్థనలో తినే ఎండిన పెయోటీ జెముడు బిళ్ళలను తుడిచి గిన్నెలో వేస్తూంది. మనవరాలు ఆ గిన్నెకు దూరంగా కూర్చుంది.

"అమ్మమ్మా, నేను లోపలికి రాను. పెయోటీ మత్తుమందు కింద లెక్కట, నేను తింటే నేరమట."

"మరి నేను తింటే?"

"నీకేం కాదు, తెగలో మనిషివి, ప్రార్థనలో తినడానికి తెగవాళ్ళకే అనుమతి. నాలో మన నెత్తురు చాలదని నన్ను చేర్చుకోలేదుగా."

"ఒకే గిన్నెలోది నా నోట్లో పడితే ప్రార్థన, నీ నోట్లో పడితే నేరమా? ఇదెక్కడి చోద్యమే!"

"నన్నడిగితే? చట్టం రాసినోళ్ళనడుగు."

"సోమవారం నీ గుండెకి ఆపరేషన్. ప్రార్థన నీ కోసమే. పెళ్ళికూతురు లేని పెళ్ళా? పోనీ, తినకుండా కూర్చో."

"గిన్నె చేతులు మారుతూ నా దగ్గరికీ వస్తుందిగా. పట్టుకున్నా తప్పేనట."

"మీ అమ్మనీ ప్రార్థన లేకుండానే ఆసుపత్రికి పంపాను. తిరిగి రాలేదు."

"అమ్మమ్మా, ఏడవకు."

"రాత్రంతా ప్రార్థన అయ్యాక, అందరూ తాగే తెల్లవారి నీళ్ళు గుడారంలోకి తెచ్చేది ఆడదేగా. అప్పటికి పెయోటీ ఎత్తేస్తారు. రేపు ఆ నీళ్ళ బకెట్ నువ్వు పట్టుకురా."

"దానికీ నెత్తురు లెక్క అడుగుతారేమో?"

"ఏమోనే, నాకేం అర్థం కావట్లేదు. నువ్వు మాత్రం రా. నువ్వొచ్చేదాకా లోపల ఎవ్వరం గొంతు తడుపుకోం."