ఆరు అమాసలు

అరవై రెండో సంవత్సరం, జూన్ నెల. ఉరవకొండ పక్క పల్లె. వాన ఆ ఏడూ మొహం చాటేసింది. పద్నాలుగేళ్ల సుంకమ్మ కట్టిన మూటని తల్లి చౌడమ్మ మళ్లీ విప్పుతోంది.

"మూట ఇడ్సమ్మా! ఎన్నిసార్లు విప్పుతావు?"

"మాత్రలు పెట్టుకొంటివో లేదో చూస్తాండా."

"పెట్టుకొంటి. పొద్దున్నుంచి నాలుగుసార్లు చెప్తి."

"ఆ హాస్టల్లో బాయి ఉండాదంట గదే సుంకీ..."

"మొదలుపెట్టినావా! బాయి కాడికి పోవద్దు, పొయ్యి కాడికి పోవద్దు, మిద్దె ఎక్కొద్దు! మన బాయిలో మునిగేకి నీళ్లు యాడుండాయమ్మా? అడుగున బురద గూడా లేదు. అయినా పోవద్దంటివి!"

"నీ మంచికే గదా..."

"మంచీ మంచీ అని గంప కింద కోడిని మూసినట్ల మూస్తిరి. మొన్న పెండ్లిలో నేను తుమ్మితే పదిమంది ఇనప బీగంచెవులు పట్టుకోని లగెత్తిరి! తుమ్మేకి గూడా లేదు నాకు."

"పాపం, మూర్ఛ వచ్చిందనుకొనిరి. ఇనుము చేతిలో పెడితే..."

"థూ, ఆ ఇనుము! లేచేతలికి చెయ్యంతా అదే వాసన. వచ్చిపోయిందని దాంతోనే తెలుస్తాది నాకు. ఇంగేమీ గుర్తుండదు."

"సరేలే, ఊరుకో."

"ఊరుకోను. ఆరు అమాసలు మూర్ఛ రాకుంటే హైస్కూలుకు పంపిస్తానని నాయన అన్న్యాడా, లేదా?"

"అన్న్యాడు."

"నిన్నటికి ఆరు. గోడ మింద బొగ్గుతో గీసినా, చూస్కో."

"ఆడ, తెలీనోళ్ల మధ్యలో వస్తే..."

"రాలేదు గదా!"

"వస్తే అంటాండా..."

"రాలేదమ్మా! రాలేదు, రాలేదు! నేను ఎస్సెల్సీ పాసైతా, టీచరమ్మనైతా, నన్ను ఎవురూ... నన్ను..."

"నిన్నేమి? సుంకీ? యాడ చూస్తాండావే? సుంకీ! అయ్యో దేవుడా, ఈపొద్దేనా! పక్కకు తిరుగు తల్లీ, పక్కకు... బీగంచెవి, బీగంచెవి యాడ పెడ్తి... ఇదిగో, పట్టుకో. పట్టుకో తల్లీ. అయిపాయ... అయిపాయ..."

"..."

"సుంకీ."

"అమ్మా... ఏం చెప్తాంటిని?"

"టీచరమ్మనైతా అంటివి."

"మల్ల ఎందుకు పండుకోని ఉండా?"

"రాత్రి నిద్ర లేదు గదా నీకు. కన్ను మూతబడె."

"అదిగో, నాయన వచ్చె. నాయనా, బండి కట్టినావా?"

"కట్టినా. ఏమే చౌడీ, ఏడుస్తాండావు?"

"ఏం లేదు. బిడ్డ పోతాందని."

"నిజం చెప్పు. ఈ ఆరు నెల్లూ దానికి రాలేదు గదా? వచ్చింటే ఇప్పుడే చెప్పు, ఎద్దుల్ని విప్పేస్తా."

"రాలేదు."

"నా మింద ఒట్టు?"

"నీ మింద ఒట్టు. బండి వాకిట్లోకి తోలుకరాపో."

"అమ్మా. నాయన పాయెనా?"

"పాయె."

"నా చెయ్యి ఇనుము వాసనొస్తాండాది."

"చెంబులో నీళ్లుండాయి. కడుక్కోని బండెక్కు."