ఒక వేలు సందు

కూకట్‌పల్లి కోర్టులో మేజిస్ట్రేటు గారి ఎదుట సాక్షి ప్రమాణం చేసి చెప్పినది.

నా పేరు స్టెల్లా. తండ్రి పేరు అబ్రహాం. వయసు ఇరవై ఆరు. మాదాపూర్‌లో ఒక కంపెనీలో పని చేస్తాను. మా కంపెనీ అమ్మే యంత్రాలను ఎలా వాడాలో, ఎలా వాడకూడదో రాసిపెట్టడం నా ఉద్యోగం. అమ్మానాన్నలతో, అన్నయ్యతో ప్రగతి నగర్‌లో ఉంటాను. పెళ్లి కాలేదు.

ఈ కేసులో బండి నడిపిన ఫిలిప్ మా అన్నయ్య. జైల్లో ఉన్న శేఖర్ మెకానిక్. అతనికి నిజాంపేటలో గ్యారేజీ ఉంది. అతను నాకు బంధువు కాదు, తెలిసినవాడూ కాదు. అతనితో నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అతను మాట్లాడింది విన్నాను. అది చెప్పడానికే వచ్చాను.

బండి నాన్నది. ఇరవై ఏళ్లు దాటిన తెల్ల స్టేషన్ వ్యాగన్. మామూలు కార్లకు డిక్కీ ఉండే చోట దీనికి పైకప్పు చివరిదాకా ఉంటుంది. వెనక సీటు మడిస్తే శవపేటిక పడుతుంది. నాన్న అందుకోసం కొనలేదు. కొన్న ఏడాది మా చర్చి సంఘంలో ఒకాయన చనిపోతే వ్యాను దొరకలేదు. నాన్న తన బండిలో తీసుకెళ్లారు. తర్వాత అదే అలవాటయింది. ఎవరు పోయినా మా బండే వెళ్లేది. వచ్చినవాళ్లు గుమ్మం దగ్గర నిలబడగానే నాన్న తాళం చేతిలోకి తీసుకునేవారు. చావు కబురుతో వచ్చినవాడిచేత నోరు తెరిచి అడిగించుకోకూడదు అనేవారు. చిన్నప్పుడు నేను ఆ బండిలోనే కాన్వెంటుకు వెళ్లేదాన్ని. కొన్ని రోజులు లోపల మల్లెపూల వాసన, ఫినాయిలు వాసన కలిసి ఉండేవి. నాకది బండి వాసనే అనిపించేది.

నాన్నకు పక్షవాతం వచ్చాక తాళం అన్నయ్యకిచ్చారు. అలవాటు కూడా ఇచ్చారు.

అన్నయ్య కూడా మాదాపూర్‌లోనే ఉద్యోగం చేస్తాడు. పాత కార్లున్న కుర్రాళ్లు కొందరు ఆదివారం పొద్దున్నే గచ్చిబౌలి వైపు ఖాళీ రోడ్డు మీద కలుస్తారు. అన్నయ్య ఒకసారి నన్నూ తీసుకెళ్లాడు. అన్ని కార్లూ నేలకు అంటుకుపోయినట్టు ఉన్నాయి. మాది ఒక్కటే ఎత్తుగా ఉంది. వంశీ అనే అతను చెయ్యెత్తి ట్రాఫిక్ పోలీసులా నిలబడి, "జరగండ్రా జరగండి, అంబులెన్స్ వచ్చింది. ఫిలిప్ అన్నా, పేషెంట్ ఏడి? ఖతమా?" అన్నాడు. అందరూ నవ్వారు. అన్నయ్య కూడా నవ్వాడు. ఆ తర్వాతే బండిని కిందికి దించాలనుకున్నాడు.

జూలై రెండో శనివారం పదకొండు గంటలకు మేము శేఖర్ గ్యారేజీకి వెళ్లాము. అక్కడినుంచి నన్ను కళ్లద్దాల షాపులో దింపుతానన్నాడు కాబట్టి నేను కూడా వెళ్లాను. నాకు ప్లాస్టిక్ కుర్చీ వేశారు. పుస్తకం తెరుచుకుని కూర్చున్నాను.

శేఖర్ నేల మీద గోనెసంచి పరిచి దాని మీద చక్రాల దగ్గర బండి బరువు మోసే స్ప్రింగులు పెట్టాడు. రెండు రకాలు. ఒక రకం ఎర్ర రంగువి, పొట్టివి. అవి ఇదే కంపెనీ డిక్కీ కారుకు చేసినవి. రెండో రకం స్టేషన్ వ్యాగన్ కోసమే చేయించాల్సినవి. నమూనాగా ఒకటే ఉంది. దాని తీగ లావుగా ఉంది. అది వేస్తే బండి ఒక అంగుళమే దిగుతుందని, బరువు మాత్రం మోస్తుందని శేఖర్ చెప్పాడు.

అన్నయ్య బండి వెనక టైరుకూ పైన రేకుకూ మధ్య వేళ్లు పెట్టి చూపించాడు. మూడు వేళ్లు దూరాయి.

"ఒక్క వేలు పట్టాలి శేఖర్. అంతకంటే ఎక్కువ సందు ఉండకూడదు."

"గట్లయితే ఎర్రవే. కానీ అన్నా, ఇవి డిక్కీ కార్లకి. నీ బండి వెనక పొడుగున్నది, బరువెక్కువ. ముగ్గురు నలుగురు కూసున్నా, సామాను పెట్టినా టైరు పోయి రేకుకి రాస్తది. రాస్తే పేల్తది."

"సామానేం పెట్టం."

"జూటా మాట చెప్పకు. నీ బండి సంగతి నిజాంపేటంతా ఎరుక. ఆ పెట్టెలు మోసుడు బందయితేనే ఇవి వేపించుకో. లేకుంటే లావువి చేపిస్త, నెల ఆగు."

"బందే శేఖర్. ఇంక ఆ పని లేదు. సండే తిప్పుకోవడమే."

"మీ నాయనకి చెప్పినవా?"

"చెప్తాను."

శేఖర్ కాసేపు స్ప్రింగు చేతిలో తిప్పాడు. తర్వాత, "నేను కాదంటే పక్కోడు ఉన్నవాటినే కోసి ఇస్తడు. అది ఇంకా అన్యాలం" అన్నాడు. ఎర్రవే బిగించాడు. వద్దన్నాడన్నది ఎంత నిజమో, బిగించాడన్నది కూడా అంతే నిజం. రెండూ రాసుకోమని కోరుతున్నాను.

సాయంత్రానికి బండి దిగింది. అన్నయ్య వెనక టైరు మీద వేలు పెట్టి చూసుకున్నాడు. నన్ను కూడా పెట్టి చూడమన్నాడు. చూశాను. ఒక వేలు పట్టింది. అన్నయ్య అంత సంతోషంగా ఉండడం చాలాకాలానికి చూశాను.

నాన్నకు అతను చెప్పలేదు. నాన్న ఇంట్లోంచి బయటికి రారు. కిటికీలోంచి చూస్తే బండి పైభాగమే కనిపిస్తుంది.

ఆగస్టు పదో తేదీన సంఘ పెద్ద మధుకర్ గారి తల్లి పోయారు. మర్నాడు మధ్యాహ్నం మధుకర్ గారు మా గుమ్మం దగ్గర నిలబడ్డారు. నాన్న కుర్చీలోంచి, "ఫిలిప్, తాళం" అన్నారు. అన్నయ్య నా వైపు చూశాడు. తర్వాత తాళం తీసుకున్నాడు.

మూడున్నరకు మధుకర్ గారి ఇంటి ముందు పెట్టెను బండిలోకి ఎక్కించారు. పెట్టె పక్కన ముగ్గురు మగవాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. మధుకర్ గారు ముందు కూర్చున్నారు. వెనక టైరు పైభాగం నాకు కనిపించలేదు. రేకు లోపలికి వెళ్లిపోయింది.

అన్నయ్య వెనక అద్దం తుడుస్తున్నాడు. నేను దగ్గరికి వెళ్లి, "అన్నయ్యా, శేఖర్ వద్దన్నాడుగా" అన్నాను. నా గొంతు చిన్నది. ఇంకెవరికీ వినపడలేదు. అతనికి వినపడింది.

"తెలుసు స్టెల్లా. తల్లి శవం ఎక్కించుకున్న మనిషిని దింపమని ఎలా చెప్పను? నాన్నకి ఏమని చెప్పను? మెల్లగా తీసుకెళ్తాలే."

మెల్లగానే తీసుకెళ్లాడు. అమ్మ, నేను వెనక ఆటోలో ఉన్నాము. అతను మెల్లగా వెళ్లాడని నేను ప్రమాణం మీద చెబుతున్నాను.

ప్రగతి నగర్ చెరువు పక్క రోడ్డులో స్పీడ్ బ్రేకరు దగ్గర ముందు చక్రాలు దిగాయి, వెనకవి దిగాయి. పెద్ద చప్పుడయింది. ఎడమవైపు వెనక టైరు పేలింది. బండి ఎడమకు తిరిగి ఫుట్‌పాత్ ఎక్కింది. అక్కడ సక్కుబాయి మక్కకంకుల బండి ఉంటుంది.

సక్కుబాయిని నేనెరుగుదును. వానాకాలం అక్కడే కంకులు కాల్చి అమ్మేది. సాయంత్రాలు నేను చెరువు గట్టు మీద చదువుకుంటుంటే, "ఏం సిస్టరమ్మా, ఎప్పుడు బుక్కులనే ఉంటవా, జర కంకి తింటవా?" అనేది. ఉప్పూ కారం ఎక్కువ రాసేది.

ఆమె మా కారు కింద ఉంది. బతికే ఉంది. ఒక చెయ్యి బయటికి ఉంది. కంకులు రోడ్డంతా దొర్లాయి. బొగ్గులు తడి నేల మీద చుయ్‌మంటున్నాయి.

అన్నయ్య జాకీ తెచ్చాడు. జాకీ దూరలేదు. బండి కిందికి జాకీ దూరే సందు లేదు. మగవాళ్లు చేతులతో ఎత్తబోయారు. వేళ్లు దూరలేదు. అన్నయ్య నేల మీద పడుకుని ఒకవైపు, మరోవైపు జాకీ పెట్టి చూశాడు. ఎక్కడా దూరలేదు.

"ముందు అమ్మని దించండిరా, బరువు తగ్గుద్ది!" అని మధుకర్ గారు అరిచారు. పెట్టెను బయటికి లాగి రోడ్డు మీద పెట్టారు. అప్పుడు బండి వెనక కొంచెం పైకి లేచింది. అప్పుడు చేతులు దూరాయి. చెరువు దగ్గర ఉన్నవాళ్లందరూ వచ్చి ఎత్తారు. బయటికి తీసేసరికి సక్కుబాయి కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ ఊపిరి లేదు. పెట్టె మీద పూలదండ నలగలేదు. ఇద్దరినీ అలా పక్కపక్కన చూశాను.

మెకానిక్ ఏ స్ప్రింగులు వేశాడో తనకు తెలియదని, బరువు వేయొద్దని తనకెవరూ చెప్పలేదని అన్నయ్య స్టేషన్లో చెప్పాడు. శేఖర్‌ను ఆ రాత్రే తీసుకెళ్లారు. "అప్పుడు ఒక అమ్మాయి కుర్చీల కూసొని బుక్కు చదువుతుండె, ఆమెనడుగుండ్రి" అని శేఖర్ చెప్పాడట. ఎస్సై ఆంజనేయులు గారు మా ఇంటికి వచ్చారు. కోర్టులో చెబుతానన్నాను.

నిన్న అమ్మ నా గదిలోకి వచ్చి తలుపు వేసింది. మా అమ్మ పేరు మరియమ్మ. "నువ్వు పుస్తకంలో ఉన్నావు. నీకేం వినపడలేదు. నిన్ను నాలుగుసార్లు పిలిస్తే గానీ పలకవు కదే, అది అబద్ధం కూడా కాదు" అంది. తర్వాత, "వాడు నీకు అన్న" అంది. ఆ మాట మూడుసార్లు అంది. నాన్న తన కుర్చీని కిటికీ వైపు నుంచి తిప్పించుకున్నారు. ఇప్పుడు గోడకు ఎదురుగా కూర్చుంటున్నారు.

ఈ రోజు కోర్టు వరండాలో నా పక్కన ఒకామె కూర్చుంది. ఒళ్లో టిఫిన్ డబ్బా ఉంది. "ఏం కేసమ్మా నీది?" అని అడిగింది. యాక్సిడెంట్ అన్నాను. "మాదీ గదే. మా ఆయన మెకానిక్" అంది. ఇంకేమీ అడగలేదు. నేను కూడా చెప్పలేదు.

పుస్తకం చదువుతూ అంత వివరంగా ఎలా విన్నారని మేజిస్ట్రేటు గారు అడిగారు. చదువుతున్నట్టు కనిపిస్తే ఎవరూ పలకరించరు. అందుకని కొత్త చోట్ల పుస్తకం తెరిచి పెట్టుకుంటాను. ఆ రోజు గ్యారేజీలో నేను ఒక్క పేజీ కూడా తిప్పలేదు.

బండి ఎక్కించేటప్పుడు నేను గుర్తు చేసిన మాట, అతను తెలుసు అన్న మాట శేఖర్‌కు తెలియవు, అమ్మకూ తెలియవు. అవి నన్నెవరూ అడగలేదు. నేనే చెబుతున్నాను. ఆ విషయం మా అన్నయ్యకు ముందే తెలుసు.

నేను చెప్పింది చెప్పినట్టు రాసుకుని నాకు చదివి వినిపించారు. ఒక చోట "నిందితుడికి ఆ విషయం ముందే తెలుసు" అని ఉంది. నేనలా అనలేదు. "మా అన్నయ్యకు తెలుసు" అన్నాను. మార్చమని అడిగాను. మార్చారు. మిగతాదంతా నేను చెప్పినదే. ఇందులో కలిపింది లేదు, దాచింది లేదు. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు.

(సంతకం)
ఎ. స్టెల్లా