కోడలి దారంతో లాగిన బస్సు

బ్యాచ్ మొత్తం పాడైపోయింది. ఒంట్లో కుట్టుగా వేస్తే గాయం మానేదాకా బిగిసి ఉండి, ఆ తర్వాత తనంతట తానే కరిగిపోవాల్సిన ఆసుపత్రి రకం పాలియెస్టర్ దారం, పరీక్షలో వారం తిరక్కుండానే పటపటా తెగింది. ఆ దారాన్ని కరిగించేది ఒంట్లో తేమే. కానీ కరిగించి దారంగా లాగే ప్లాస్టిక్ గింజల్లో ముందే ఆ తేమ ఉంటే, మిషన్లోనే దారం నడుం విరుగుతుంది. గింజలు సరిగ్గా ఆరకముందే తొందరపడి దారం తీయించింది, ఫ్యాక్టరీలో ఆ పని చూసే కోడలే. రేపటినుంచి ఫ్యాక్టరీకి రానని చెప్పేద్దామనుకుంటూ, మామగారిని ఇంటికి తీసుకెళ్లడానికి టీ కొట్టు దగ్గర ఆగింది.

మామగారు పని మానేసిన దర్జీ. దారం గురించి నోరు తెరిస్తే ఆయన్ని ఏ కత్తెరా ఆపలేదు.

"నా హెర్నియా ఆపరేషన్‌కి వేసింది మా కోడలి దారమే," అంటున్నాడు ఆమె వైపు వీపు పెట్టి కూర్చుని. "రెండో రోజే తుమ్మొచ్చింది. మామూలు తుమ్మా? వార్డు కిటికీ రెక్కలు ఊడి వీధిలో పడ్డాయి. కుట్టు మాత్రం ఇసుమంత కదిలితే ఒట్టు!"

"ఓహో," అంది టీ కాచే ఆవిడ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంటికొస్తుంటే ఎత్తు మీద బస్సు ఆగిపోయింది. డాక్టరుగారు పారేయడానికి మనసొప్పక, మిగిలిన మూరెడు దారం నా చేతిలో పెట్టారులే. ఒక కొస ముందున్న లారీకి, ఒక కొస బస్సుకి కట్టా. లాగింది! ఆ బస్సుని, దాని వెనక ఇంకో బస్సుని, దాని వెనక నాలుగు రైలుపెట్టెల్ని..."

"రోడ్డు మీద రైలేంటి మామా?" అన్నాడు మంగలి.

"దారం గట్టిదైతే పట్టాలెందుకోయ్! అందర్నీ ఇళ్లకి చేర్చి, ఆఖరి ముసలమ్మ గడప దాటిందో లేదో, ముడితో సహా కరిగిపోయింది. అదీ మర్యాదంటే! పనయ్యాక కూడా కదలని చుట్టంలాంటిది కాదది."

మంగలి గ్లాసు కింద పెట్టాడు. "నీకు కుట్టుకి బదులు వేసింది స్టీలు పిన్నులు కదా మామా? పీకిన రోజు పక్కనున్నది నేనే. నీ 'అమ్మో'కి నా చెవిలో ఇప్పటికీ గుయ్యిమంటోంది."

కొట్టంతా గొల్లుమంది. దర్జీ నవ్వలేదు.

"పిన్నులే," అన్నాడు మెల్లగా. "అమ్మాయి దారం ఇంకా ఆసుపత్రి దాకా రాలేదు. వస్తుంది. నేను కాస్త ముందు చెబుతున్నానంతే. రెండో వైపు హెర్నియా కూడా కొయ్యాలన్నారుగా డాక్టరుగారు, మా కోడలి దారం వచ్చాకే అన్నాను. నొప్పిదేముంది, ఓర్చుకుంటా."

ఆమె ముందుకొచ్చి ఆయన భుజం పట్టుకుంది. "లేవండి మామయ్యా. డాక్టరు దగ్గరికి."

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఎంతవరకు విన్నావమ్మా?"

"తుమ్ము నుంచీ. ఏ దారం దొరికితే ఆ దారంతో ఈ వారమే కుట్టించుకుంటారు."

"మరి నీ దారం?"

"తెగిపోయింది. మళ్లీ తీస్తాను. ఈసారి గింజలు ఆరేదాకా మిషన్ని ఎవర్నీ ముట్టనివ్వను, నన్ను కూడా."

తన దారం కోసం ఆయన్ని ఆగనివ్వకూడదు, తను ఫ్యాక్టరీ మానకూడదు. ఆ టీ కొట్టు దగ్గర అనుకున్న రెండూ ఆమె నిలబెట్టుకుంది.