అమ్మేటప్పుడు

అపార్ట్‌మెంటు కింద, కార్లు నిలిపే చోటు. ఇంటావిడ, పాత కార్లకు వెలకట్టే కంపెనీ మనిషి. తాళంతో ఆమె భర్త ఇంకా దిగి రాలేదు.

"...పీకొద్దంటున్నాను, అంతే. డ్రైవరు వైపు తలుపు తీయగానే, అది ఆనే కమ్మీ మీద పంచదార అని రాసిన లేబులుంటుంది. దాని జోలికి పోకండి."

"పంచదారా?"

"పంచదార. నా చేతిరాతే."

"అక్కడ ఉండాల్సింది కంపెనీ రేకు కదమ్మా. బండి ఏ నెలలో, ఏ ఏడాదిలో తయారైందో దాని మీదే ఉంటుంది."

"ఉంటుంది. పంచదార కింద ఉంటుంది."

"దాని మీద లేబులెందుకు అంటించారు?"

"వంటింటి డబ్బాలకి రాసుకున్న లేబుళ్ళలో అదొక్కటే మిగిలింది. ఆయనకి షుగరొచ్చాక ఆ డబ్బా ఎత్తేశాంగా."

"నేనడిగింది అది కాదమ్మా."

"తెలుసు. అదొక్కటీ వదిలేసి మిగతావన్నీ అడగండి, చెబుతాను."

"ఆ రేకు ఫొటో తియ్యాలి నేను. ఫొటో లేకపోతే మా ఆఫీసులో రేటు కట్టరు."

"తీసుకోండి, ఎవరొద్దన్నారు. ఆయన వెనక్కి వెళ్ళినప్పుడు తీసుకోండి. స్టెప్నీ టైరు గురించి ఒక ప్రశ్న వేశారంటే చాలు, డిక్కీలో తలపెట్టి పావుగంట చెబుతారు. ఈలోపు మెల్లిగా లేపి, ఫొటో తీసి, మళ్ళీ ఎలా ఉన్నదో అలా అద్దెయ్యండి."

"ఏదైనా తేడా ఉంటే ముందే చెప్పండమ్మా. దొంగ బండి అయితే నా ఉద్యోగం ఊడుతుంది."

"ఆయన చేత దొంగ బండి కొనిపించగలిగిన దొంగ ఉంటే చూపించండి, దణ్ణం పెడతాను."

"మరి సారుకి తెలియకుండా దాచేదేముంటుంది? కొన్నది ఆయనే కదా."

"ఇది ఈ ఏడాది మోడలని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని అలా ఉండనివ్వండి."

"ఈ ఏడాదిది కాదా?"

"మీరే చూసి చెప్పండి. చూపుతోనే చెప్పేస్తారటగా."

"తలుపు తియ్యకుండానా... అద్దం మూల తయారైన ఏడాది గుర్తులున్నాయి. టైరు మీద, ఆగండి, వంగాలి... టైర్లు పోయిన ఏడాదివి. అద్దాలూ అంతే. బండి కూడా పోయిన ఏడాదిదే అయ్యుంటుంది."

"చూశారా. ఒంటినిండా పుట్టుమచ్చలే. ఒక్కదాన్ని దాచగలిగాను నేను. టైర్ల దాకా ఆయన వంగలేరు, నడుము పట్టేస్తుంది. ఆ ఒక్క విషయంలో రోగం కలిసొచ్చింది."

"చేతికెప్పుడొచ్చింది?"

"ఈ ఏడాది మొదట్లో."

"అదన్నమాట. ఏడాది మారినా షోరూముల్లో పాత సరుకు మిగిలిపోతుందమ్మా. కొంతమంది చెప్పి, తగ్గించి ఇస్తారు. కొంతమంది నోరు మెదపరు. మీరెప్పుడు కొన్నారన్నది మాకు లెక్కలేదు, అదెప్పుడు పుట్టిందన్నదే లెక్క. ఏడాది ఆఖర్న పుట్టిన బండికి, తెల్లారి లేచేసరికి ఏడాది వయసు మీద పడుతుంది. అడుగు కదపకపోయినా సరే."

"మాకా చెబుతున్నారు. అందుకోసమే కదా ఆగాం."

"ఆగారా?"

"డిసెంబరు ఆఖర్లోనే ఇస్తామన్నారు షోరూం వాళ్ళు. రేటు తగ్గించి మరీ ఇస్తామన్నారు. ఈయన వద్దన్నారు. ఒక్క వారం ఆగితే కొత్త ఏడాది మోడల్ వస్తుంది, అమ్మేటప్పుడు ఒక ఏడాది కలిసొస్తుంది అన్నారు."

"తెలివైన పనే. తెలిసినవాళ్ళు అలాగే చేస్తారు."

"అమ్మేటప్పుడు. ఆ మాట వినపడకుండా మా ఇంట్లో పొద్దు గడిచేది కాదు. టీవీ అట్టపెట్టె పారెయ్యకు, అమ్మేటప్పుడు కావాలి. సోఫా కవరు తియ్యకు, అమ్మేటప్పుడు కొత్తగా కనపడుతుంది. పెళ్ళైన కొత్తలో ఎండలో తిరగొద్దని నాకు చెబితే, నాకెక్కడో గుండె జల్లుమంది."

"నవ్వకూడదు గానీ..."

"నవ్వండి. మా తమ్ముడూ నవ్వేవాడు. వాడే పేరు పెట్టాడు ఈయనకి, అమ్మేటప్పుడు బావ అని. ఫోన్ చేసి, అక్కా, అమ్మేటప్పుడు బావున్నాడా అనేవాడు. ఉన్నాడా అంటున్నాడో, బాగున్నాడా అంటున్నాడో తెలిసేది కాదు. రెండింటికీ కలిపి ఊఁ అనేదాన్ని."

"భలే మనిషే. ఇక్కడే ఉంటారా తమ్ముడుగారు?"

"లైటు సరిపోతుందా మీకు? స్విచ్చి అటుంది."

"సరిపోతుందమ్మా. అయితే తమ్ముడుగారు..."

"ఆ వారంలో పోయాడు."

"ఏ వారంలో?"

"మేం ఆగిన వారంలో."

"అయ్యో."

"పాత బండి ఒకటుండేది మాకు. బ్రేకు మెత్తబడింది. ఒకసారి తొక్కితే ఊరికే లోపలికి పోయేది, రెండోసారి తొక్కితే పట్టేది. వారంలో పోయే బండికి కొత్త బ్రేకులెందుకు, దండగ అన్నారీయన. నాకూ సబబే అనిపించింది. వాడికేదో పనిపడి తాళం అడిగితే ఇచ్చి, రెండుసార్లు తొక్కరా, మొదటిది లెక్కలోకి రాదు అని చెప్పి పంపారు. వాడు ఒక్కసారే తొక్కాడో. రెండోసారికి చోటు లేకపోయిందో."

"ఊరుకోండమ్మా."

"ఊరుకునే చెబుతున్నాను. ఇంటినిండా జనం ఏడుస్తుంటే, షోరూం వాళ్ళు దీనికి ముందు ఎర్ర రిబ్బను కట్టి తెచ్చారు. దానికేం తెలుసు పాపం, బుక్ చేశాం కాబట్టి వచ్చింది. తెచ్చిన డ్రైవరు మిఠాయి డబ్బా ఎవరి చేతిలో పెట్టాలో తెలియక లిఫ్టు దగ్గరే నిలబడిపోయాడట. ఈయనే కిందికెళ్ళి సంతకం పెట్టొచ్చారు. మర్నాడు నేను దిగాను, తుడుద్దామని. ఏం చెయ్యాలో తోచకపోతే ఏదో ఒకటి తుడుస్తాను నేను. తలుపు తీసి అంచులు తుడుస్తుంటే రేకు కనపడింది. పోయిన ఏడాది. అందులోనూ నవంబరు."

"అంటే, అన్నాళ్ళు ఆగింది..."

"అనకండి బాబూ. ఆ మాట పూర్తి చెయ్యకండి. ఇన్నాళ్ళూ నేనే పూర్తి చెయ్యలేదు."

"సరేనమ్మా."

"వాడు పోయాడన్న బరువు ఆయన ఎలాగో మోస్తున్నారు. ఊరికే పోయాడన్నది కూడా దాని మీద పెడితే ఇంక లేవలేరు. అందుకే పైకి పరిగెత్తి, చేతికందిన లేబులు తెచ్చి అంటించాను. బండి కాగితాలు నా బట్టల బీరువాలో అడుగున పెట్టాను. ఆయన అందులో చెయ్యి పెట్టరు, బట్టల ధరలు గుర్తొస్తాయని."

"సారు ఎప్పుడూ ఏమీ అడగలేదా?"

"ఏదీ అడగడం మానేశారు. ఆ మాట కూడా మానేశారు. అమ్మేటప్పుడు అన్నది ఆ రోజు నుంచి ఆయన నోట వినలేదు నేను. మొన్న టీవీ పెట్టె నా ఎదురుగానే చించి చెత్తలో వేశారు. ఆ వేళ నాకు భయమేసింది."

"మరి ఇప్పుడు బండి అమ్మేద్దామని ఎవరన్నారు?"

"నేనే. ఇంకొన్నాళ్ళు పోతే దీనికి ఇంకో ఏడు మీద పడుతుంది, రేటు పడిపోతుంది అన్నాను. ఆయన భాషలో చెబితేనన్నా కదులుతారని. సాయంత్రం పూట ఒక్కరే వచ్చి ఇందులో కూర్చుంటారు బాబూ. నడపరు. తాళం తిప్పుతారు, పక్క సీటు మోగుతుంది. మా వంటింటి కిటికీ ఇదిగో, ఈ పైనే. టింగు టింగుమని కాసేపు మోగి ఆగిపోతుంది. అంటే బెల్టు పెట్టారన్నమాట."

"ఆయన కూర్చునేది ఆయన సీట్లోనే కదా?"

"ఆయన సీట్లోనే. మోగేది పక్కది."

"పక్కది ఊరికే మోగదమ్మా. బరువు పడాలి. మనిషి కూర్చుంటేనే..."

"మీరు బండికి వెలకట్టడానికొచ్చారా, నన్ను బెదరగొట్టడానికొచ్చారా?"

"కాదు కాదు. సీటు కింద వైరేదో తప్పై ఉంటుంది. చూస్తాను."

"చూడండి. వైరే అయ్యుంటుంది. మా తమ్ముడికి ముందు సీటే కావాలి ఎప్పుడూ. అక్కనని కూడా చూడకుండా నన్ను వెనక్కి తోసేవాడు. లిఫ్టు చప్పుడు. ఆయనే. గుర్తుందిగా?"

"పంచదార."

భర్త వచ్చాడు.

"నమస్కారం. ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి. తాళం వెతుక్కుంటున్నాను."

"ఎక్కడుందండీ?"

"జేబులోనే."

"సార్, ముందు డిక్కీ చూపిస్తారా? స్టెప్నీ టైరు గురించి ఒక సందేహం."

"అది కొత్తదే, దించలేదు. ముందు ఈ తలుపు తీస్తాను, రండి."

"ఏమండీ, ఆయనకి డిక్కీయే ముందు చూడాలట."

"చూస్తారులేవోయ్. డిక్కీ ఎక్కడికి పోతుంది. రండి బాబూ, డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పండి."

"సీట్ల కవర్లు కూడా తియ్యలేదే సార్. బాగా ఉంచారు."

"తియ్యలేదు. ఎందుకో, అలా ఉండిపోయాయి."

"తిరిగింది కూడా ఏమీ లేదు. షోరూం నుంచి ఇంటికొచ్చిన దూరమేనా?"

"అంతే."

"అదిగో, పక్క సీటు మోగుతోంది."

"ఆ బెల్టు లాగి పెట్టండి, ఊరుకుంటుంది."

"ఎవరూ లేరు కదా సార్."

"లేరు. పెడితే ఊరుకుంటుంది."

"కింద వైరు వదులై ఉంటుంది సార్. ఇక్కడే సరిచేసిపెడతాను, ఎంతసేపు."

"వద్దు. ఇవాళ్టికి ఉండనివ్వండి. కొనుక్కున్నవాళ్ళు చేయించుకుంటారు."

"సరే. పెట్టాను. ఆగింది."

"ఊఁ."

"ఏమండీ, డిక్కీ..."

"అమ్మా, ఒక్కసారి ఇలా రండి."

"ఏమైంది?"

"మీరు చెప్పింది ఉంది. కానీ దాని చుట్టూ..."

"బాబూ, టీ తాగుతారా?"

"నల్ల టేపుంది."

"టేపా?"

"నాలుగు వైపులా. పంచదార అన్న అక్షరాలు మాత్రం కనపడేలా వదిలి, అంచులన్నీ పట్టేలా అంటించారు. ఇది తీస్తే మళ్ళీ అలా రాదమ్మా."

"నేను టేపు వెయ్యలేదు."

"ఆయనకి టీ పెట్టుకురావోయ్."

"నేను టేపు వెయ్యలేదండీ. ఇది మీ కళ్ళజోడు కాడకి చుట్టిన టేపు."

"రాసుకోండి బాబూ. మోడల్, పోయిన ఏడాది."

"సార్..."

"నవంబరు. పీకి చూడక్కర్లేదు. కావాలంటే అద్దాల మీద చూసుకోండి, ఆ ఏడాదే ఉంటుంది."

"మీకెప్పుడు తెలిసిందండీ?"

"అది వచ్చిన రోజే. సంతకం పెట్టడానికి దిగానుగా. బండి అనేసరికి నేను ముందు చూసేది ఆ రేకే. ఇంట్లో అంత జరిగినా చెయ్యి ఊరుకోలేదు, తలుపు తీసి చూశాను."

"నాకు చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? నీ తమ్ముడికిచ్చిన బండికి బ్రేకులెందుకు వేయించలేదో చెప్పుకోవడానికి నాకు ఆ వారం ఒక్కటే మిగిలింది. అది కూడా లేదని నీకెలా చెప్పను. మర్నాడు ఎలాగైనా చెబుదామని ధైర్యం తెచ్చుకుని, ఇంకోసారి చూద్దామని దిగాను. చూస్తే పంచదార. నీ రాత."

"నేను అంటించిన రోజే చూశారా?"

"ఆ సాయంత్రమే. ఇక్కడే కూర్చుండిపోయాను. అప్పట్నుంచి కూర్చుంటూనే ఉన్నానుగా."

"మరి ఈ టేపు?"

"ఎండలకి అంచులు లేచాయి. ఊడి పడితే మళ్ళీ నువ్వు దిగొచ్చి, మళ్ళీ ఆ రేకు చూసి, మళ్ళీ అంటించాలి. అమ్మేటప్పుడు కూడా చెక్కుచెదరకుండా ఉండాలి కదా అని, నేనే వేశాను."