ఎడమపక్క సీటు కింద

గుడియాత్తం బస్టాండు వెనక, కార్ల కరెంటు పని చేసే సుబ్రమణి షెడ్డు. మధ్యాహ్నం. ముందు లైటు ఆరిపోతోందని హేమప్రియ కారు తెచ్చి నిలిపింది.

"ఫ్యూజేమ్మా. అది గాక ఇంకేముంటాది? మీరు కొత్తగా నేర్చుకున్నోళ్ళు, స్విచ్చిని గట్టిగా తిప్పుతారు. పోతాది."

"పోయిన నెల రెండుసార్లు ఇదే చెప్పినావు సుబ్రమణన్నా. రెండుసార్లూ ఫ్యూజు మార్చినావు."

"మార్చినా కదా. వెలిగింది కదా."

"నీ షెడ్డులో వెలుగుతాది. చీకట్లో పళ్ళికొండ దగ్గరికొస్తే ఆరిపోతాది. మళ్ళా దానంతట అదే వెలుగుతాది. నీ దగ్గర ఎందుకు ఆరదు?"

"మీకు టైము బాగలేదేమోమ్మా. చక్రం కింద ఒక నిమ్మకాయ పెట్టి తొక్కించండి."

"మా అత్తా అదే అంటాది. నా జాతకంలోనే వెలుగు లేదంట."

"పెద్దోళ్ళు ఊరికే చెప్పరు..."

"ఎడమపక్క సీటు కింద చెయ్యి పెట్టు."

"ఎందుకు?"

"పెట్టన్నా."

"ఏముండాది ఈడ? మట్టి. బిస్కెట్టు కాగితం."

"ఇంకా లోపలికి. కార్పెట్టు ఎత్తు. మా పాప నివేద పెన్సిలు పడిపోయిందని నిన్న నేను ఎత్తినా. ఏంది అది?"

"ఇదా? ఇది... కంపెనీలోనే వచ్చింటాదిమ్మా."

"కంపెనీవాళ్ళు స్విచ్చికి పసుపుదారం కడతారా? ఏ స్విచ్చి బిగించినా కర్పూరం చూపించి, పసుపుదారం చుట్టిగానీ బండి వదలవు నువ్వు. ఇదే కారులో హారనుకి కట్టినావు, ఫ్యానుకి కట్టినావు. దొంగపనికి గూడా కట్టినావే!"

"కట్టకుంటే కీడుమ్మా. మా నాయన కాలం నుంచి..."

"కీడు ఎవురికి?"

"మీ ఇంటాయన, జయకుమార్ అన్నే కారు తెచ్చినాడుమ్మా. అన్న వచ్చి అడిగితే నేనెట్ల కాదనేది? లైటు వైరుని మధ్యలో తెంచి, ఈ సీటు కిందికి ఒక స్విచ్చి లాగమన్నాడు. ఊరికే తమాషాకి అన్నాడు. నాలుగు దినాలు భయపడితే మా ఆడది ఉద్యోగం మానేసి ఇంట్లో కూసుంటాది, మళ్ళా పీకేద్దువు అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"నేనేమంటా..."

"నవ్వినావా?"

"నవ్వినా. షెడ్డులో ఉన్నోళ్ళందరూ నవ్వినారు. అన్న చెప్పేది అట్ల చెప్పినాడు."

"నేను రెండుసార్లు తెచ్చి, ఏమైందో చూడన్నా అని నిన్ను బతిమాలినానే. అప్పుడు?"

"మీరు పోయినాంక... అవునుమ్మా. అప్పుడూ నవ్వినాం."

"ఇప్పుడు నేను చెప్పేది విను. వేలూరు ల్యాబులో నాకు డ్యూటీ అయ్యేది ఏడింటికి. రోజూ ఆయన బస్సెక్కి అంతదూరం వచ్చి, చీకట్లో ఒంటిగా రావద్దు హేమా, తోడుంటా అని పక్కన కూసుంటాడు. ఏం మొగుడప్పా అని మా వీధంతా మెచ్చుకునింది. నేనూ మురిసిపోయినా, సిగ్గులేనిదాన్ని. లైట్లు ఆరినప్పుడల్లా గుడ్డిగా బ్రేకు తొక్కేదాన్ని. వెనకాల లారీ హారను. ఆయన మాత్రం నిమ్మళంగా, నీకిది రాదులే, చెప్తే వినవు అంటాడు. పోయిన నెల కడాన బ్రిడ్జి మీద ఆరింది. గోడని రాసుకునిపోయి నిలిచింది కారు. ఆ దినం వెనక సీట్లో నివేద గూడా ఉండింది."

"పాప ఉన్నప్పుడు గూడా నొక్కినాడా?"

"నొక్కినాడు. మూడు దినాలు బిడ్డకి జ్వరం. జ్వరం దిగిన మరుసటి పొద్దున్నే పోయి నేను రాజీనామా రాసిచ్చేసినా. ఆయనే దగ్గరుండి కాగితం రాయించినాడు."

"పోయి అడగండిమ్మా. మళ్ళా తీసుకుంటారు."

"పొద్దున ఫోను చేసినా. నా జాగాలో వేరే పిల్ల చేరిపోయిందంట."

"తప్పయిపోయిందిమ్మా. చెప్పుతో కొట్టండి నన్ను. ఇప్పుడే పీకేస్తా, ఒక్క నిమిషం. ఈ కట్టరు యాడ పెట్టినా..."

"చెయ్యి తియ్యి."

"అమ్మా?"

"స్విచ్చి సరిగా పనిచేస్తాదా, అది చూడు. వైరు లూజుగా ఉంటే బిగించు."

"పీకేసేదానికి బిగించేదెందుకుమ్మా?"

"రేపు ఒడుగత్తూరు పోతా ఉండాము. ఆయనకి ఆడ ఏదో పంచాయితీ. నన్నూ రమ్మన్నాడు. తిరిగొచ్చేసరికి చీకటి పడతాది."

"కారు..."

"ఆయనే నడిపేది. నాకు రాదు కదా. వేగంగా పోతాడు, తెలుసు కదా మీ అన్న సంగతి."

"పాప గూడా వస్తాదా?"

"నివేదని పొద్దున్నే మా అమ్మ దగ్గర వదిలిపెట్టేసినా."

"మీరు యాడ కూసుంటారుమ్మా?"

"యాడేంది? ఆయన రోజూ కూసునే జాగాలోనే. ఎడమపక్క."

"వేణామ్మా. వేణాం. సామి సత్తియంగా వద్దు. మీరు గూడా ఉంటారు కదమ్మా కారులో! నేను అన్నకి ఫోను చేసి చెప్పేస్తా."

"చెయ్యి. ఎవురు బిగించిన స్విచ్చని చెప్తావు? రేపు పోలీసోళ్ళు కార్పెట్టు ఎత్తితే ఎవురి దారం కనిపిస్తాది?"

"అమ్మా, నాకూ పిల్లలుండారు..."

"ఉంటారు. పని చూడన్నా. ఆ దారం నల్లబడిపోయింది, కొత్తది కట్టు."